మ్యాప్‌లో తప్పులు దిద్దబోయి ఫ్లైఓవర్‌ని కింది రోడ్డుకి అతికించాను – నా అనుభవం

ఫిబ్రవరి 8, శనివారం. దారి చూపించే యాప్ ఒకటి నన్ను 400 మీటర్ల దూరంలో ఉన్న చోటికి రెండున్నర కిలోమీటర్లు తిప్పి తీసుకెళ్లింది. ఎదురుగా సందు కనిపిస్తూనే ఉంది, ఆ సందులోంచి వెళ్తే చాలని తెలుసు కూడా, అయినా ఇదేం చెబుతుందో చూద్దామని దాని మాటే విన్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అంటే ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్, తెరిచాను, ఆ యాప్‌కి డేటా అక్కణ్నుంచే వస్తుంది. మలుపు దగ్గర రెండు రోడ్లూ కలిసినట్టే ఉన్నాయి. ఇంకా జూమ్ చేశాను. ఇంకా. అప్పుడు కనబడింది: సందు గీత మెయిన్ రోడ్డు గీతను తాకకుండా వెంట్రుకవాసిలో ఆగిపోయింది. నేల మీద చూస్తే అర మీటరు కూడా ఉండదు. కానీ రెండు గీతలకీ ఉమ్మడిగా ఒక నోడ్, అంటే ఒక చుక్క, లేకపోతే దారి లెక్కగట్టే ప్రోగ్రాంకి అక్కడ గోడ కట్టినట్టే.

చుక్కని పట్టుకుని లాగి మెయిన్ రోడ్డుకి అతికించి సేవ్ చేశాను. రెండు నిమిషాల పని. యాప్‌లో మాత్రం ఆ మార్పు మార్చి 6న వచ్చింది. అది ఫోన్‌లోకి దింపుకున్న మ్యాప్‌తో నడుస్తుంది, ఆ మ్యాప్ నెలకోసారి కొత్తది వస్తుంది, అంతవరకు మీరెంత కరెక్ట్‌గా దిద్దినా పాత తప్పే చూపిస్తుంది. ఇది తెలియక మొదటి వారమంతా రోజూ యాప్ తెరిచి చూసుకుని, నా సవరణ ఎవరో తీసేశారేమో అని టెన్షన్ పడ్డాను.

సరే, అక్కడితో ఆగి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

మర్నాడు ఆదివారం ఆస్మోస్ అని ఒక టూల్ ఉందని తెలిసింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాని జల్లెడ పట్టి, అనుమానం వచ్చిన ప్రతిచోటా మ్యాప్ మీద ఒక మార్కర్ పెడుతుంది. నేను తరచూ తిరిగే చోట్లన్నీ వచ్చేలా ఒక చిన్న ఏరియా గీసుకుని చూస్తే 412 మార్కర్లు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన బిల్డింగులు, బిల్డింగు లోంచి దూసుకెళ్లే రోడ్డు, ఏ ట్యాగూ (ఇది రోడ్డా, కాలవా అని చెప్పే చీటీ) లేని అనాథ గీతలు, స్పెల్లింగ్ తప్పిన ట్యాగులు, ఒకదాన్నొకటి దాటుకుపోతూ ఎక్కడా కలవని రోడ్లు. ఒకచోటైతే రెండు వన్‌వేలు, రెండింటి బాణాలూ లోపలికే. వెళ్లడమే తప్ప బయటికి వచ్చే దారి లేదు, అచ్చం పద్మవ్యూహం.

ఆరు సాయంత్రాలు కూర్చున్నాను. తొమ్మిదో తారీఖు నుంచి పద్నాలుగు దాకా. మొదట బ్రౌజర్‌లోనే దిద్దాను, తర్వాత జేఓఎస్ఎం అనే సాఫ్ట్‌వేర్ దింపుకున్నాను. చూడ్డానికి పాతకాలం ప్రోగ్రాంలా భయపెడుతుంది కానీ చేయి తిరిగాక వదల్లేం. అందులో వాలిడేటర్ అని ఉంటుంది, సేవ్ చేసే ముందు మనం చేసిన పనిని అదే చెక్ చేసి తప్పుల్నీ హెచ్చరికల్నీ వేరు చేసి చెబుతుంది. చుక్కని గీతకి అతికించడానికి జే అనే కీ. నేను ఆ వారం ఎన్నిసార్లు జే నొక్కానో లెక్క లేదు. 412 కాస్తా 340 అయింది, 260 అయింది, శుక్రవారం రాత్రికి 97. టూల్ ఒక్కోసారి డేటాని మళ్లీ చూసేసరికి ఒక రోజు పడుతుంది, కాబట్టి నిన్నటి పని ఫలితం ఇవాళ కనిపిస్తుంది. పొద్దున లేవగానే ఫోన్‌లో ఆ అంకె చూసుకోవడం అలవాటైపోయింది. అదొక ఆటలా పట్టేసింది.

ఒక్కసారి కూడా బయటికి వెళ్లి చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఫిబ్రవరి 19 రాత్రి మెయిల్ వచ్చింది. నా చేంజ్‌సెట్ మీద ఎవరో కామెంట్ పెట్టారు. చేంజ్‌సెట్ అంటే ఒకసారి సేవ్ చేసిన మార్పుల మూట, ప్రతి మూట కిందా ఎవరైనా ప్రశ్న అడగొచ్చు. ఆయన (లేదా ఆవిడ, ఇప్పటికీ నాకు తెలియదు) తిట్టలేదు. "నమస్తే. ఈ నోడ్ దగ్గర రెండు రోడ్లు నిజంగానే కలుస్తాయా? మీరు ఆ చోటు చూశారా?" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేవాణ్ని. నిజానికి అనడానికి సిద్ధపడ్డాను కూడా. టూల్ తప్పని చూపించింది, నేను సరిచేశాను, మీకేంటి ఇబ్బంది అని ఒక పెద్ద జవాబు టైప్ చేశాను. పంపే ముందు ఎందుకో ఒకసారి ఆ చోటు శాటిలైట్ ఫొటోలో పూర్తిగా జూమ్ చేసి చూశాను.

రెండు రోడ్లు ప్లస్ గుర్తులా ఒకదాన్నొకటి దాటుతున్నాయి. నేను సరిగ్గా మధ్యలో చుక్క పెట్టి కలిపాను. ఇప్పుడు చూస్తే, అడ్డంగా వెళ్లే రోడ్డు అంచు వెంబడి సన్నటి నల్లటి చార ఉంది. ఆ చార కింది రోడ్డు మీద పడి, డివైడర్ దగ్గర కొంచెం విరిగి, మళ్లీ కొనసాగుతోంది. నీడ. పిట్టగోడ నీడ. నేల మీద ఉన్న రోడ్డుకి ఇంకో రోడ్డు మీద పడేంత నీడ ఎక్కణ్నుంచి వస్తుంది? అది ఫ్లైఓవర్. దాన్ని గీసినవాళ్లు బ్రిడ్జి అని ట్యాగ్ పెట్టడం మర్చిపోయారు, అందుకే టూల్‌కి అనుమానం వచ్చింది. చేయాల్సింది ఏంటంటే పైరోడ్డుని ఆ ముక్క వరకు విడగొట్టి బ్రిడ్జ్=యెస్, లేయర్=1 (అంటే కింది రోడ్డుకి ఒక మెట్టు పైన) అని పెట్టడం. నేను చేసింది పైరోడ్డునీ కింది రోడ్డునీ అతికించడం. అంటే ఐదారు రోజుల పాటు, కొత్త డేటా వాడే ఏ సర్వీసైనా ఫ్లైఓవర్ నడినెత్తి మీద "ఇక్కడ ఎడమకు తిరగండి" అని చెప్పే అవకాశం ఉంది.

కడుపులో దేవినట్టయింది. టైప్ చేసింది మొత్తం చెరిపేసి, "చూడలేదు. తప్పు నాదే. ఇలాంటివి ఇంకా ఉన్నాయేమో వెతుకుతున్నాను" అని పంపాను. పది నిమిషాల్లో జవాబు: "అందరం చేశాం లెండి."

ఇక వెతకడం. ఆ వారంలో నేను ఇలా చుక్క పెట్టి కలిపిన, ఒకదాన్నొకటి దాటుకునే చోట్లు 63. మొత్తం మూటనే వెనక్కి తిప్పేద్దామనుకున్నాను, జేఓఎస్ఎంలో దానికి రివర్టర్ అని ఒక ప్లగిన్ ఉంది. కానీ నా మూటలు ఒక్కోటి పెద్దపెద్దవి, ఒకదాంట్లోనైతే 187 మార్పులు, అందులో మంచివీ చెడ్డవీ కలిసిపోయి ఉన్నాయి, పైగా కొన్నింటిని నా తర్వాత వేరేవాళ్లు ముట్టుకున్నారు. తిప్పబోతే వరసగా కాన్‌ఫ్లిక్టులు. వదిలేసి ఒక్కోటీ చేత్తో చూశాను. మూడు రాత్రులు. 63లో 9 తప్పు: రెండు ఫ్లైఓవర్ దగ్గర, మూడు అండర్‌పాస్ దగ్గర, మిగతా నాలుగు ఇంకా ఘోరం, రోడ్డుని కాలవకి అతికించేశాను. రోడ్డు కింద నీళ్లు తూములోంచి వెళ్తాయి, ఆ ముక్కకి తూము అని ట్యాగ్ పెట్టాలి. అతికినవి విడదీయడానికి జీ అనే కీ. జేతో చేసిన పాపం జీతో కడుక్కున్నాను.

ఇంకోటి నాకు నేనుగా పట్టుకున్నాను. ఒకే పేరున్న రోడ్డు ముక్కలుముక్కలుగా ఉంటే చూడ్డానికి అసహ్యంగా ఉందని ఆ వారంలోనే కలిపేశాను, అందులో ఒక ముక్క మీద "ఇక్కడ ఎడమకు తిరగరాదు" అన్న రిలేషన్, అంటే రోడ్డు ముక్కల్ని కలిపి చెప్పే నియమం, ఉంది. ముక్క కలిసిపోవడంతో ఆ నిషేధం చెడిపోయింది. సాఫ్ట్‌వేర్ అప్పట్లో ఒక డబ్బా చూపించి అడిగింది కూడా, నేను చదవకుండా ఓకే కొట్టాను. రోడ్డు ముక్కలుగా ఉంటే దానికి తరచుగా ఒక కారణం ఉంటుంది: వేగం మారుతుంది, లేన్లు మారతాయి, బ్రిడ్జి వస్తుంది, బస్సు రూటు అక్కడ మలుపు తిరుగుతుంది.

ఒక చిన్న ఆశ్చర్యం కూడా చెప్పాలి. మూసేసిన చేంజ్‌సెట్ మీద మనం రాసిన వివరణని తర్వాత మార్చలేం. నేను రాసినవన్నీ "ఫిక్సెస్", "ఫిక్సెస్ 2", "మరికొన్ని". అవి అలాగే ఉంటాయి, ఎవరు నా చరిత్ర తిరగేసినా కనిపిస్తాయి. ఇప్పుడు 20, 30 మార్పులకి మించకుండా సేవ్ చేస్తున్నాను, ఏం మార్చానో, దేన్ని చూసి మార్చానో వాక్యంగా రాస్తున్నాను.

మార్చి రెండో వారాంతం నుంచి కాళ్లకి పని మొదలైంది. స్ట్రీట్‌కంప్లీట్ అని ఒక యాప్ ఉంది, నిలబడ్డ చోటు చుట్టూ ఉన్న వాటి గురించి ప్రశ్నలు అడుగుతుంది: ఈ రోడ్డు తారా సిమెంటా, ఈ బిల్డింగుకి ఎన్ని అంతస్తులు, ఈ దుకాణం ఇంకా ఉందా. బాగుంటుంది, ఎవరికైనా చెప్పొచ్చు. కానీ ఎనిమిదో తారీఖు మొదటి రౌండులో రెండున్నర గంటల్లో ఫోన్ 100 నుంచి 31కి పడిపోయింది, స్క్రీనూ జీపీఎస్సూ రెండూ ఆన్‌లో ఉంటే అంతే. రెండో రోజు పవర్ బ్యాంక్ పట్టుకెళ్లాను. రోడ్డు మధ్య నిలబడి ఆకాశం వైపు ఫోన్ పట్టుకునే మనిషిని చూసి జనం ఆగి అడుగుతారు, దానికి ఒక్క వాక్యంలో జవాబు సిద్ధం చేసుకోండి. నేను "మ్యాప్‌లో ఈ రోడ్డు తప్పుగా ఉంది, సరిచేస్తున్నా" అంటున్నాను. సగం మంది ఇంకో తప్పు చూపిస్తున్నారు. ఒక వాచ్‌మన్ మాత్రం ఫొటో తీయడానికి ఒప్పుకోలేదు, తీయలేదు.

ఒక వీధికి ఒక చివర బోర్డు మీద ఒక పేరు, ఇంకో చివర బోర్డు మీద అదే పేరు వేరే స్పెల్లింగుతో. ఒక ఫ్రెండ్ "వేరే కంపెనీ మ్యాప్ తెరిచి చూడు, ఏది కరెక్టో తెలుస్తుంది" అన్నాడు. అది చేయకూడదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 నుంచి ఓడీబీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది, వేరేవాళ్ల హక్కులున్న మ్యాప్‌లోంచి పేరు ఎత్తి ఇందులో పెడితే మొత్తానికే చిక్కు. ఒక స్పెల్లింగు పేరుగా, రెండోది మరో పేరుగా పెట్టాను.

ఇక అసలు తలనొప్పి. ఒక కాలనీలో బిల్డింగులన్నీ ఫొటో మీద కొంచెం తూర్పుకి జరిగినట్టు అనిపించాయి. శాటిలైట్ ఫొటోలు నేల మీద ఉన్నచోటే కూర్చుంటాయని అనుకోకండి, కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉండటం మామూలే. పైగా ఎత్తు బిల్డింగులు ఫొటోలో పక్కకి వాలి కనిపిస్తాయి, పైకప్పు ఒకచోట, పునాది ఒకచోట, గీయాల్సింది పునాది.

ఎంత జరిగాయో కొలుద్దామనిపించింది. మ్యాప్ ఎంత కచ్చితంగా ఉందో కొలవడానికి అమెరికాలో 1998లో ఎన్ఎస్ఎస్‌డీఏ అని ఒక ప్రమాణం పెట్టారు: కనీసం 20 చెక్ పాయింట్లు తీసుకోవాలి, ఒక్కోచోట మ్యాప్ చూపేదానికీ అసలు స్థానానికీ తేడా కొలవాలి, ఆ తేడాల వర్గాల సగటుకి వర్గమూలం కట్టి 1.7308తో గుణించాలి, అప్పుడు నూటికి 95 పాయింట్లు ఆ దూరంలోపే ఉంటాయని చెప్పొచ్చు. ఫార్ములా చూస్తే పెద్ద శాస్త్రవేత్తనైపోయిన ఫీలింగ్. మార్చి 15, 16 తారీఖుల్లో రెండు పొద్దులు తిరిగి 20 పాయింట్లు తీశాను, 14 ప్రహరీ, బిల్డింగు మూలలు, 6 కూడళ్లు. ఒక్కోచోట రెండు నిమిషాలు కదలకుండా నిలబడి సగటు తీసుకున్నాను, ఎందుకంటే మామూలు ఫోన్ జీపీఎస్ తెరిపి ఆకాశం కింద కూడా దాదాపు ఐదు మీటర్లు అటూ ఇటూ తూగుతుంది, ఎత్తు బిల్డింగుల మధ్యైతే సిగ్నల్ గోడలకి తగిలి ఎక్కడికో గెంతుతుంది. నేను నడిచిన దారికి ఫోన్ గీసిన గీత ఒకచోట రోడ్డు దాటి, మేడ ఎక్కి, మళ్లీ దిగి వచ్చింది.

లెక్క కడితే 5.2 మీటర్లు. 1.7308తో గుణిస్తే 9 మీటర్లు. సగటున 4 మీటర్లు తూర్పుకి. ఇంకేం, అంతా కలిపి 4 మీటర్లు పడమటికి జరిపేస్తే సరి అనుకున్నాను. కానీ ఫిబ్రవరి దెబ్బ ఇంకా మానలేదు కాబట్టి ముందు మ్యాపింగ్ గ్రూపులో అడిగాను. తొమ్మిది రోజులు ఎవరూ పలకలేదు. మార్చి 25న రెండు జవాబులు వచ్చాయి. ఒకరు "ఆ ఫొటో ఎప్పుడూ అంతే, జరిపేయండి" అన్నారు. ఇంకొకరు "ప్రమాణం ప్రకారం చెక్ చేసే కొలత మ్యాప్ కంటే ఎక్కువ కచ్చితంగా ఉండాలి, మీ ఫోన్ అంత కాదు కదా. సరే అది పక్కన పెట్టండి, మూలల్నీ కూడళ్లనీ విడివిడిగా లెక్క కట్టారా?" అన్నారు.

కట్టలేదు. కట్టాను. 14 మూలలూ సగటున 5.5 మీటర్లు తూర్పుకి ఉన్నాయి. 6 కూడళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు, ఏ వైపుకీ మొగ్గు లేదు. అంటే రోడ్లు బాగానే ఉన్నాయి, బిల్డింగులే జరిగాయి. చరిత్ర తెరిచి చూస్తే రోడ్లు ముందెప్పుడో ఒక ఫొటో మీద గీశారు, బిల్డింగులు తర్వాత ఒక్కరే వేరే ఫొటో మీద గీశారు. నేను అనుకున్నట్టు అన్నీ కలిపి 4 మీటర్లు జరిపి ఉంటే బిల్డింగులు కొంతవరకు బాగయ్యేవి, బాగున్న రోడ్లు చెడిపోయేవి, వాలిడేటర్ ఒక్క మాట కూడా అనేది కాదు. దాని దృష్టిలో అన్నీ కలిసి జరిగితే ఏమీ జరగనట్టే. సగటు ఎంత చక్కగా అబద్ధం చెబుతుందో ఆ రోజు ఎక్సెల్ షీటు ముందు కూర్చుని చూశాను.

జరపబోయే ముందు ఎన్ని బిల్డింగులు, ఎంత దూరం, ఏ ఆధారంతో అని రాసి పెట్టి ఇంకో వారం ఆగాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఏప్రిల్ 2న 238 బిల్డింగులు జరిపాను. అందులో కొన్నింటి మూలలు పక్కనున్న రోడ్డు చుక్కలకి అతికి ఉన్నాయి, అలాగే లాగితే రోడ్డు కూడా వచ్చేస్తుంది, ముందు అవన్నీ జీ నొక్కి విడదీయాల్సి వచ్చింది. జరపడం ఒక సెకను. విడదీయడం నాలుగు గంటలు.

మొత్తం ఖర్చు అడిగితే, డబ్బు దాదాపు ఏమీ లేదు, టూల్స్ అన్నీ ఉచితం. సమయం 60 గంటల పైమాటే, అందులో మూడో వంతు నా తప్పులు దిద్దుకోవడానికే పోయింది. అన్నిటికన్నా కష్టం అనిపించింది ఆ అంకెని చూడకుండా ఉండటం. ఎందుకంటే ఈ తిరుగుళ్లలో నాకు దొరికిన పెద్ద తప్పుల్లో సగానికి టూల్ ఏ మార్కరూ పెట్టలేదు. ఒక సందు మొత్తం మ్యాప్‌లోనే లేదు, లేని గీతని ఏ టూల్ తప్పు పడుతుంది? ఒక పార్కు ప్రహరీ అందంగా గీసి ఉంది, గేటు మాత్రం లేదు. మూతపడ్డ దుకాణాలు ఐదు, ట్యాగులన్నీ నిక్షేపంగా ఉన్నాయి. వన్‌వే తీసేసి రెండువైపులా వదిలిన రోడ్డు ఒకటి. ఇవన్నీ లెక్క ప్రకారం తప్పు లేని డేటా.

పద్మవ్యూహం సంగతి చెప్పలేదు కదా. ఫిబ్రవరిలో రెండు వన్‌వేల్లో ఒకదాని బాణం తిప్పేసి మార్కర్ పోగొట్టాను, ఏది తిప్పాలో ఊహించి. మార్చిలో అక్కడికి వెళ్లి చూస్తే బోర్డుల ప్రకారం రెండూ లోపలికే, లోపలుంది ఒక పెద్ద పార్కింగ్, బయటికి వెనకవైపు గేటు. ఆ గేటు మ్యాప్‌లో లేదు. గేటూ దాని దారీ గీసి, నేను తిప్పిన బాణాన్ని మళ్లీ మొదటికి తిప్పాను.

ఇవాళ ఏప్రిల్ 12. ఏరియాలో 31 మార్కర్లు ఉన్నాయి. వాటిలో 30 నేను కాళ్లతో వెళ్లి చూసినవే, అక్కడ నిజంగానే అలా ఉంది, ఒక్కోటీ "తప్పు కాదు" అని నమోదు చేస్తున్నాను. మిగిలిన ఒకటి రెండు రోడ్లు దాటుకునే చోటు. ఇప్పుడు ఏదో కడుతున్నారు, చుట్టూ రేకులు కట్టేశారు, సందుల్లోంచి తొంగి చూస్తే మట్టిగుట్ట తప్ప ఏమీ కనిపించలేదు. ఫొటో కట్టడం మొదలవక ముందుది. జే నొక్కలేదు. "రేకులు తీశాక చూడాలి" అని అక్కడ మ్యాప్ మీద ఒక నోట్ పెట్టాను. రెండు రోజుల తర్వాత ఎవరో దాని కింద రాశారు: "నేనూ వెళ్లాను, ఇంకా తీయలేదు." పేరు చూస్తే ఫ్లైఓవర్ సంగతి అడిగినవారే.